బొడ్డు దగ్గర మొదలైన నొప్పి: నా అపెండిసైటిస్ అనుభవం

నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్తాను. పదో తరగతిలో పరిణామం పాఠం వచ్చినప్పుడల్లా అవశేషావయవాలకు (పరిణామంలో ఉపయోగం తగ్గి మిగిలిపోయిన అవయవాలకు) ఉదాహరణగా ఉండూకం (అపెండిక్స్) పేరు చెప్పి, చిన్నపేగు పెద్దపేగును కలిసే చోట వేలాడే ఆ సన్నని గొట్టాన్ని బోర్డు మీద గీసి, పొట్టకు కుడివైపు కింద ఒక బాణం గుర్తు పెట్టి ముందుకు సాగిపోయేదాన్ని. ఆ బాణం గుర్తే నన్ను దాదాపు ఒక రోజు తప్పుదారి పట్టించింది. నొప్పి అక్కడ మొదలైతేనే అది ఉండూకం నొప్పి అని, ఇంకెక్కడ మొదలైనా కాదని నేను నమ్మి కూర్చున్నాను.

బతుకమ్మ పండుగకు పరకాల దగ్గరి మా తల్లిగారి ఊరికి వెళ్ళాను. మా వారు హనుమకొండలోనే ఉండిపోయారు. సద్దుల బతుకమ్మ నాటి రాత్రి చెరువు దగ్గర ఆడి, సద్దులు పంచుకుని తిని, ఇంటికి వచ్చి పడుకునేసరికి పదకొండు దాటింది. రాత్రి మూడు గంటలకు బొడ్డు చుట్టూ ఏదో పిండుతున్నట్టు నొప్పి వచ్చి మెలకువ అయ్యింది. పొడిచినట్టు కాదు, కోసినట్టు కాదు. ఎక్కడ అని వేలు పెట్టి చూపించలేని నొప్పి. అరచేతిని బొడ్డు మీద గుండ్రంగా తిప్పి "ఇక్కడంతా" అని మాత్రమే చెప్పగలిగాను.

అమ్మ లేచి ఓమ, ఉప్పు నలిపి నోట్లో వేసి గోరువెచ్చని నీళ్ళు తాగించింది. "ఏం గాదు బిడ్డా, నువ్వుల సద్ది, పులిహోర అన్నీ ఒక్కసారే తింటివి, గ్యాస్ పట్టింది" అన్నది. నాకూ అదే నిజమనిపించింది, ఎందుకంటే నేను నిజంగానే ఎక్కువ తిన్నాను. తెల్లవారి చాయ్ వాసన కూడా పడలేదు. ఏడు గంటలకు ఒకసారి వాంతి అయ్యింది. నొప్పి ముందు వచ్చి వాంతి తర్వాత వచ్చింది అనే ఈ వరుసను నేను అప్పుడు లెక్కలోకి తీసుకోలేదు. పాడైన తిండి వల్ల వచ్చే అజీర్ణంలో చాలాసార్లు వాంతులు ముందు మొదలై, నొప్పి వాటి వెంట వస్తుందనీ, ఉండూకపు వాపులో, అంటే అపెండిసైటిస్‌లో, సాధారణంగా నొప్పే ముందు వస్తుందనీ, ఆకలి పూర్తిగా చచ్చిపోవడం కూడా ఒక లక్షణమేననీ తర్వాత ఆసుపత్రిలో తెలిసింది.

మధ్యాహ్నం తమ్ముడు ఊళ్ళో ఉన్న ఆర్‌ఎంపీని పిలుచుకొచ్చాడు. ఆయన పొట్ట మీద చెయ్యి కూడా పెట్టకుండానే "గ్యాస్ట్రిక్ అమ్మా, పండుగల పూట అందరికీ ఇదే" అని నడుముకు ఒక నొప్పి ఇంజెక్షన్ వేసి, నాలుగు గోలీలు కాగితంలో చుట్టి ఇచ్చి వెళ్ళిపోయాడు. గంటలో నొప్పి తగ్గింది. సాయంత్రం లేచి పావు గ్లాసు మజ్జిగ కూడా తాగాను. ఆ తగ్గడమే నాకు జరిగిన పెద్ద మోసం.

ఇక్కడ ఒక పేరు గురించి చెప్పాలి. మా ప్రాంతంలో ఈ జబ్బును "ఇరవై నాలుగు గంటల నొప్పి" అంటారు. మా మేనమామకు యవ్వనంలో ఇదే వస్తే పొట్ట కోసి ఆపరేషన్ చేశారని, ఆ గాటు ఇప్పటికీ జానెడు పొడవు ఉందని ఇంట్లో అందరికీ తెలుసు. నేను మాత్రం ఆ పేరును ఇరవై నాలుగు గంటలూ ఆగకుండా ఉండే నొప్పి అని అర్థం చేసుకుని పెరిగాను. కాబట్టి సాయంత్రానికి నొప్పి తగ్గగానే "ఇది అది కాదు" అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. నిజానికి జనం ఆ పేరు పెట్టింది ఆ గడువు లోపల ఆసుపత్రికి చేరకపోతే ప్రాణం మీదికి వస్తుందనే భయంతో. ఆ అంకెను గడియారంలా పట్టుకోవద్దని, కొందరిలో అంతకంటే ముందే పగులుతుందని, కొందరిలో రెండు మూడు రోజులు పట్టవచ్చని, ఒకటిన్నర రోజు దాటినకొద్దీ ముప్పు పెరుగుతూ పోతుందని సర్జన్ వివరించారు.

ఆ రాత్రి పది తర్వాత నొప్పి మళ్ళీ వచ్చింది. కానీ ఈసారి అది బొడ్డు దగ్గర లేదు. కుడివైపు కింద, తుంటి ఎముకకు కొంచెం లోపలగా ఒక్క చోట కూర్చుంది. ఈసారి వేలు పెట్టి చూపించగలిగాను. చాప మీద వెల్లకిలా పడుకోలేక, కుడికాలు పొట్టలోకి ముడుచుకుని పక్కకు తిరిగి పడుకున్నాను. దగ్గు వస్తే ఆ చోట కత్తి దిగినట్టయ్యేది. ఒళ్ళు కొద్దిగా వెచ్చబడింది.

బోర్డు మీద నేనే గీసిన బాణం గుర్తు అప్పుడు కళ్ళ ముందు కనిపించింది. నొప్పి అలా ఎందుకు తిరిగిందో తర్వాత పుస్తకాలు తీసి చదువుకున్నాను. ఉండూకం గోడ నుంచి వచ్చే నాడులు వెన్నుపాములో ఛాతీ భాగపు పదో స్థాయికి చేరతాయి. బొడ్డు చుట్టూ ఉన్న చర్మం నుంచి వచ్చే నాడులు కూడా అక్కడికే చేరతాయి. అందుకని గొట్టం లోపల ఒత్తిడి పెరిగినప్పుడు అది ఎక్కడి నుంచి వస్తోందో తేల్చుకోలేక మెదడు బొడ్డును చూపిస్తుంది. తర్వాత వాపు బయటి వరకూ వచ్చి పొట్ట లోపలి గోడను కప్పి ఉండే పెరిటోనియం పొరను తాకుతుంది. ఆ పొరకు చర్మానికి ఉన్నంత ఖచ్చితమైన స్పర్శ ఉంటుంది, కాబట్టి అప్పుడు నొప్పి తన అసలు చోటికి వచ్చి కూర్చుంటుంది. ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి: అందరిలోనూ ఈ వరుస ఉండదు. ఉండూకం కొన కొందరిలో పెద్దపేగు వెనకకు, కొందరిలో కటి కుహరంలోకి (తుంటి ఎముకల మధ్య ఖాళీలోకి) వేలాడుతుంది. అలాంటివారికి నొప్పి నడుములోనో, మూత్రం పోసేటప్పుడో తెలుస్తుంది. చిన్నపిల్లల్లో, ముసలివాళ్ళలో, గర్భిణుల్లో లక్షణాలు ఇంకా అస్పష్టంగా ఉంటాయి.

తెల్లవారుజామున అమ్మ ఆముదం కాచి తెచ్చింది, కడుపు సాఫీ అయితే అంతా పోతుందని. నేను వద్దన్నాను. అది హాని చేస్తుందని తెలిసి కాదు, ఆ వాసనకే వాంతి వచ్చేలా ఉండి. కారణం ఏదైనా అది మంచిదే అయ్యింది. ఇలాంటి నొప్పిలో విరేచనానికి మందు వేస్తే పేగుల కదలిక పెరిగి, వాచి ఉన్న గొట్టం పగిలే ప్రమాదం ఎక్కువవుతుందని తర్వాత విన్నాను.

తొమ్మిది గంటలకు తమ్ముడి కారులో హనుమకొండకు బయలుదేరాం. పరకాల నుంచి గుడెప్పాడు క్రాస్ వరకు, అక్కడి నుంచి ములుగు రోడ్డు మీదుగా నగరం లోపలికి వచ్చేదాకా ఎన్ని స్పీడ్ బ్రేకర్లు ఉన్నాయో ఆ రోజు నాకు తెలిసినట్టు ఎవరికీ తెలిసి ఉండదు. ఒక్కొక్కటి దాటినప్పుడు ముందు టైర్లు ఎక్కినప్పుడు ఒకసారి, వెనక టైర్లు దిగినప్పుడు ఇంకొకసారి కుడివైపు ఎవరో లోపలి నుంచి గుంజినట్టయ్యేది. రెండు చేతులతో సీటు పట్టుకుని నడుము గాలిలో ఉంచే ప్రయత్నం చేశాను. "మెల్లగ పోరా" అని నేను, "మెల్లగనే పోతున్న అక్కా" అని వాడు, దారంతా ఇదే మాట. ఇది నా సుకుమారం కాదు. 2012లో ఇంగ్లండులో ఇదే విషయం మీద ఒక పరిశీలన జరిగింది. ఉండూకపు వాపు ఉందని తర్వాత నిర్ధారణ అయిన 34 మందిలో 33 మంది స్పీడ్ బ్రేకర్ల మీద నొప్పి పెరిగిందని చెప్పారు. అలాగని బ్రేకర్ మీద నొప్పి వస్తే ఇదే జబ్బని అర్థం కాదు, ఇతర కడుపునొప్పుల్లోనూ అలా అనిపించవచ్చు. కానీ అస్సలు నొప్పి పెరగకపోతే ఉండూకం కాకపోవడానికే అవకాశం ఎక్కువ.

ఆసుపత్రిలో సర్జన్ మొదటి ప్రశ్న "ఎక్కడ నొప్పి?" అని కాదు, "మొదట ఎక్కడ వచ్చింది?" అని. బొడ్డు దగ్గర అని చెప్పగానే ఆయన తల ఊపారు. దగ్గమన్నారు. ఆ తర్వాత నేను ఊహించని పని చేశారు: నొప్పి ఉన్న కుడివైపు వదిలేసి ముందు ఎడమవైపు కింద నొక్కారు. ఎడమవైపు నొక్కితే నొప్పి కుడివైపు వచ్చింది. అప్పుడు తుంటి ఎముక ముందు మొన నుంచి బొడ్డుకు గీత గీస్తే మూడింట ఒక వంతు దూరంలో వచ్చే బిందువు మీద మెల్లగా లోతుగా నొక్కి, చటుక్కున చెయ్యి తీసేశారు. నొక్కినప్పటి కంటే వదిలినప్పుడు వచ్చిన నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ బిందువును 1889లో న్యూయార్క్ సర్జన్ చార్లెస్ మెక్‌బర్నీ గుర్తించి చెప్పారు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

ఆర్‌ఎంపీ ఇంజెక్షన్ సంగతి చెప్పి, దాని వల్లే జబ్బు దాగిపోయిందా అని సర్జన్‌ను అడిగాను. నొప్పి తగ్గించే మందు వేయడం తప్పు కాదని, ఆసుపత్రిలో తామూ వేస్తామని, దాని వల్ల నిర్ధారణ చెడిపోతుందనేది పాత భయమని, పొట్ట చూడకుండా వేసి, మళ్ళీ చూడాలని చెప్పకుండా ఇంటికి పంపడమే తప్పని ఆయన చెప్పారు. నొప్పి ఒక్కసారిగా హాయిగా తగ్గిపోవడం కొన్నిసార్లు గొట్టం పగిలినదానికి గుర్తు కావచ్చని, కొన్ని గంటల తర్వాత పొట్ట అంతా చెక్కలా బిగిసి జ్వరం పెరుగుతుందని కూడా అన్నారు. నా అదృష్టం, నాది ఇంజెక్షన్ వల్ల తగ్గిన నొప్పి మాత్రమే.

రక్తపరీక్షలో తెల్ల రక్తకణాలు 15,400 ఉన్నాయి. సాధారణంగా 4,000 నుంచి 11,000 మధ్య ఉండాలి. వాటిలో న్యూట్రోఫిల్స్ (ఇన్‌ఫెక్షన్ మీద ముందుగా పోరాడే రకం కణాలు) 84 శాతం. జ్వరం 100.2 డిగ్రీలు. మూత్రపరీక్షతో పాటు గర్భ నిర్ధారణ పరీక్ష కూడా చేయించారు. గర్భం లేదని నేను చెప్పినా వినలేదు. ఆడవారిలో కుడివైపు పొత్తికడుపు నొప్పికి అండాశయపు తిత్తి మెలిపడటం, గర్భనాళంలో గర్భం నిలిచి పగలడం, మూత్రనాళంలో రాయి, మూత్రకోశపు ఇన్‌ఫెక్షన్ ఇవన్నీ కారణాలు కావచ్చు కాబట్టి ఒక్కొక్కటి కొట్టివేసుకుంటూ పోవాలట. నాకు అప్పుడు విసుగ్గా అనిపించింది, ఇప్పుడు అది సరైన పనే అనిపిస్తుంది.

అక్కడున్న యువ వైద్యురాలు ఒక కాగితం మీద ఏవో అంకెలు వేసి కలుపుతోంది. అడిగితే చెప్పింది: 1986లో వచ్చిన అల్వరాడో స్కోరు అది. నొప్పి బొడ్డు నుంచి కుడివైపుకు మారితే 1, ఆకలి లేకపోతే 1, వాంతి లేదా వికారానికి 1, కుడివైపు నొక్కితే నొప్పికి 2, వదిలితే నొప్పికి 1, జ్వరానికి 1, తెల్ల కణాలు పెరిగితే 2, వాటిలో న్యూట్రోఫిల్స్ ఎక్కువైతే 1. ఏడు గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే అనుమానం బలపడుతుంది. నాకు 10కి 10 వచ్చాయి. పిల్లలకు పది జీపీఏ రావాలని అప్పట్లో ఏటా వెంటపడిన నాకు ఈ పరీక్షలో వచ్చిందని ఆ నొప్పిలోనూ నవ్వు వచ్చింది. నవ్వితే కుడివైపు మళ్ళీ గుంజింది.

స్కానింగ్ గదిలో చల్లని జెల్ రాసి, ప్రోబ్‌తో ఒకే చోట పదే పదే నొక్కారు. ఆరోగ్యంగా ఉన్న ఉండూకం నొక్కితే అణుగుతుంది, వాచినది అణగదు. నాది 9 మిల్లీమీటర్ల మందం ఉంది; 6 దాటితే అనుమానించాలి. దాని మొదట్లో ఒక తెల్లని చుక్క, దాని వెనక నల్లని నీడ. అది గట్టిపడిన మలపు ఉండ. గొట్టం నోరు దానితో మూసుకుపోయి, లోపల ఊరే జిగురు బయటికి పోలేక, అక్కడే ఉన్న సూక్ష్మజీవులు పెరిగి, ఒత్తిడికి రక్తప్రసరణ ఆగి గోడ కుళ్ళడం మొదలవుతుంది. ఈ కథంతా విని అమ్మ "సీతాఫలం గింజ మింగినట్టుంది" అన్నది. గింజలు అడ్డుపడటం చాలా అరుదని, చాలామందిలో ఇలాంటి ఉండో, లేక గొట్టం గోడలోని లింఫ్ కణజాలం వాయడమో కారణమని సర్జన్ చెప్పినా అమ్మ నమ్మలేదు. ఇంటికి వచ్చాక కూడా సీతాఫలాల బుట్ట నా గదిలోకి రానివ్వలేదు.

ఆపరేషన్ లేకుండా మందులతో నయం కాదా అని మా వారు అడిగారు. కొందరిలో అవుతుంది. 2020లో వచ్చిన ఒక పెద్ద అమెరికా అధ్యయనంలో యాంటీబయాటిక్స్ మాత్రమే తీసుకున్నవారిలో పదిమందిలో ఏడుగురికి 90 రోజుల్లోపు ఆపరేషన్ అవసరం కాలేదు. అయితే మలపు ఉండ ఉన్నవారిలో ఆపరేషన్ దాకా వెళ్ళినవారు పదిమందిలో నలుగురు, వారిలో చిక్కులు కూడా ఎక్కువ. అమ్మ వాళ్ళ ఊరి నుంచి ఆసుపత్రికి గంటకు పైగా ప్రయాణం, ఇప్పటికే ముప్పై గంటలు దాటిన నొప్పి, స్కానులో ఉండ: ఈ మూడూ చూసి నేను ఆపరేషన్ వైపే మొగ్గాను. నా ఉద్యోగుల హెల్త్ కార్డు మీద నగదు లేకుండా అక్కడ చికిత్స కుదరలేదు, డబ్బు ముందు కట్టి రీయింబర్స్‌మెంట్‌కు పెట్టుకోవలసి వచ్చింది. బిల్లుల మీద సంతకాల కోసం నేను తిరిగిన తిరుగుడు వేరే కథ, ఇక్కడ చెప్పను.

సాయంత్రం ఏడు గంటలకు థియేటర్లోకి తీసుకెళ్ళారు. లాప్రోస్కోపీ కాబట్టి బొడ్డు దగ్గర ఒక సెంటీమీటరు గాటు, కింద అరసెంటీమీటరు గాట్లు రెండు, అంతే. బొడ్డు గాటులోంచి కార్బన్ డయాక్సైడ్ నింపి పొట్టను ఉబ్బించి, కెమెరాతో చూస్తూ గొట్టాన్ని కట్టి కోసి తీస్తారు. మాస్క్ పెట్టి అంకెలు లెక్కపెట్టమన్నది గుర్తుంది, నాలుగు వరకు లెక్కపెట్టానేమో.

తీసిన ముక్కను ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బాలో, పాడవకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవంలో వేసి తమ్ముడికి చూపించారు. వాడు ఫోన్లో ఫొటో తీశాడు. మరునాడు చూశాను. నా చిటికెన వేలంత పొడవు. మొదలు ఎర్రగా ఉబ్బి ఉంది, కొన దగ్గర వేలి గోరంత మేర ముదురు ఆకుపచ్చ కలిసిన నలుపు. ఏటా నేను తెల్ల సుద్దతో గీసే బొమ్మలో ఆ రంగు ఎప్పుడూ లేదు.

మెలకువ వచ్చాక గాట్ల నొప్పి కంటే కుడి భుజం నొప్పి నన్ను భయపెట్టింది. పొట్ట ఆపరేషన్‌కు భుజం ఎందుకు నొప్పి పెడుతుందని నర్సును అడిగితే "గ్యాస్ మేడం, రెండు రోజులల్ల పోతది" అన్నది. ఈసారి నిజంగానే గ్యాస్. నింపిన వాయువు కొంత మిగిలి, ఛాతీకి, పొట్టకు మధ్య ఉండే విభాజక పటలాన్ని రేపితే, ఆ పటలం నాడి మెడ దగ్గరి వెన్నుపాము నుంచి వస్తుంది కాబట్టి నొప్పి భుజంలో తెలుస్తుంది. బొడ్డు చేసిన మోసమే భుజం కూడా చేసింది. నడిస్తే త్వరగా తగ్గుతుందన్నారు. మరునాడు ఉదయమే సెలైన్ స్టాండు పట్టుకుని వరండాలో నాలుగు చుట్లు తిరిగాను. మొదట గుక్కెడు నీళ్ళు, తర్వాత కొబ్బరినీళ్ళు, సాయంత్రానికి ఇడ్లీ. రెండో రోజు ఇంటికి పంపారు.

ఇంట్లో పథ్యం గొడవ మొదలైంది. పప్పు తింటే కుట్లు చీము పడతాయని అమ్మ, వంకాయ వద్దని మేనమామ. పప్పులో ఉన్న మాంసకృత్తులు గాయం మానడానికి అవసరమని, ప్రత్యేకమైన పథ్యం ఏదీ లేదని సర్జన్ రాసిచ్చినా ఆ కాగితం అమ్మ వంటింటి దాకా చేరలేదు. నీళ్ళ బిందె, బియ్యం సంచి లాంటి బరువులు కొన్ని వారాలు ఎత్తవద్దన్న ఒక్క మాటను మాత్రం ఇంటిల్లిపాదీ పట్టుకున్నారు, దానికి నేను అభ్యంతరం చెప్పలేదు.

ఎనిమిదో రోజు కుట్లు చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు పరీక్షకు పంపిన ముక్క రిపోర్టు వచ్చింది. తీవ్రమైన వాపు, కొన దగ్గర కుళ్ళడం మొదలైంది, రంధ్రం పడలేదు అని ఉంది. ఇంకెంత సేపట్లో పడేదని సర్జన్‌ను అడిగాను. అది చెప్పలేమని, ఆ రాత్రే పడేదేమోనని ఆయన అన్నారు. రంధ్రం పడితే పొట్ట లోపలంతా కడిగి, చీము బయటికి రావడానికి గొట్టం పెట్టి, వారం పది రోజులు ఆసుపత్రిలోనే ఉండాల్సి వచ్చేదట. రెండేళ్ళ కిందట మా బడిలో ఒక పదో తరగతి పిల్లవాడు అలా ఉండటం చూశాను. కడుపునొప్పి అని బడికి రాని మొదటి రెండు రోజులూ వాడు సాకు చెప్తున్నాడనే అనుకున్నాం, నేను కూడా.

మూడు వారాల తర్వాత అమ్మను ఊరికి దింపడానికి తమ్ముడితో పాటు నేనూ వెళ్ళాను. గుడెప్పాడు దాటాక మొదటి బ్రేకర్ రాగానే వాడు అలవాటుగా కారు ఆపినంత పని చేసి, అద్దంలోంచి నా ముఖం చూశాడు. ఏమీ కాలేదని చెప్పి, మామూలుగానే పొమ్మన్నాను.